సంక్రాంతి తర్వాతి పొడిగాలి, పెరటి కర్ర విళ్లు

బెంగళూరులో సంక్రాంతి దాటిందంటే గాలి పొడిబారుతుంది. తెల్లవారుజామున స్వెట్టరు కావాలి, మధ్యాహ్నానికి పెదవులు పగులుతాయి. పాత పేటల్లో కర్రపని తెలిసిన తెలుగువాళ్లు ఆ పొడిగాలి కోసమే కాచుకుని ఉండేవారు. నిరుడు చీల్చి అటక మీద పెట్టిన బద్దలు అప్పుడే కిందికి దిగేవి. శ్రీరామనవమి పందిట్లో పిల్లవాడి భుజాన వేలాడే వెదురుబద్ద విల్లు సంగతి కాదు నేను చెప్పేది. ఒకే కర్రలోంచి చెక్కి, 18 కిలోల బలంతో లాగితే ముప్ఫై గజాల అవతల గడ్డిమోపులో బాణాన్ని దించే అసలు విల్లు గురించి. ఈ పని ఎలా జరిగేదో తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. అందుకే వివరంగా రాసి పెడుతున్నాను.

కర్ర ఎక్కణ్ణుంచి వచ్చేదో ముందు చెప్పాలి. అప్పట్లో ఇంటింటికీ పెరడుండేది. పెరట్లో జామ, వీధి చివర చింత, బాట పక్కన కానుగ. ఏప్రిల్, మే నెలల్లో మొదటి గాలివాన వచ్చిన మర్నాడు కూలిన కొమ్మలు పొయ్యిలోకి పోకముందే ఎవరో ఒకరు వెళ్లి చూసొచ్చేవారు. పొయ్యికి పోవాల్సిన కొమ్మలో విల్లు కనిపించడమే ఈ పనిలో సగం విద్య. పచ్చని చెట్టు మీద కత్తి పెట్టాలంటే మాత్రం కర్ణాటకలో 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టం ఉంది, ట్రీ ఆఫీసరు అనుమతి తీసుకోవాలి. కూలిన కొమ్మకైనా ఇంటివాళ్లనో కార్పొరేషన్ వాళ్లనో అడిగి తెచ్చుకోవడమే మర్యాద.

అన్నిటికన్నా మంచి కర్ర అని పెద్దలు చెప్పేది తడస. కన్నడంలో తడసలు అంటారు, అడితీల్లో ధామన్ అంటే తెలుస్తుంది. కావడిబద్దలకీ, పనిముట్ల పిడులకీ వాడేది ఇదే. ఎంత వంచినా మళ్లీ నిటారుగా లేస్తుంది. అయితే మైసూరు రోడ్డు టింబర్ యార్డులో దొరికేది రంపంతో కోసిన చెక్క. రంపానికి కర్ర నార ఎటు పోతుందో పట్టదు, గీసిన గీత వెంట పోతుంది. ఆ గీత నారని ఎక్కడ దాటిందో విల్లు అక్కడే విరుగుతుంది. అందుకే కోసిన చెక్క కన్నా చీల్చిన కర్ర మేలు. చీలిక నార వెంటే పోతుంది. తడస దొరకనప్పుడు చింత, జామ. జామ గట్టిది, సాగుతుంది, కానీ ఐదున్నర అడుగుల నిటారు కొమ్మ దొరకడం అరుదు. అలాంటప్పుడు మూడేసి అడుగుల ముక్కలు రెండు తీసుకుని, పిడి దగ్గర నాలుగంగుళాల చేపతోక కోత కోసి ఒకదాంట్లో ఒకటి దింపి అతికేవారు. రెండు ముక్కలూ ఒకే కొమ్మవి, పక్కపక్కన చీల్చినవి అయితే రెండు రెక్కలూ, అంటే పిడికి అటూ ఇటూ వంగే భాగాలు, ఒకేలా వంగుతాయి. నీలగిరి జోలికి ఎవరూ పోయేవారు కాదు, దాని నార మెలితిరిగి ఉంటుంది.

మెలి చూడటం ఎలాగంటారా? బెరడు మీది చారల్ని చూడాలి. చారలు కొమ్మ పొడవునా తిన్నగా దిగితే లోపలి నార కూడా తిన్నగానే ఉంటుంది. దారం చుట్టినట్టు పక్కకి తిరుగుతూ దిగితే ఆ కొమ్మ వదిలేయాలి. బెరడు మోసం చేసే చెట్లూ ఉన్నాయి కాబట్టి ఎండ తగిలిన కోతముఖం నుంచి సాగిన పగుళ్లని కూడా చూడాలి. పగులు ఎటు తిరిగితే నార అటే తిరిగింది. ఆరడుగుల పొడవులో కొద్దిపాటి మెలి ఉంటే ఆవిరి పట్టి సరిచేయొచ్చు. పావు చుట్టు తిరిగిందంటే దానితో పోరాడి లాభం లేదు. కొమ్మ లావు నాలుగు నుంచి ఆరంగుళాలు, మధ్యలో బొటనవేలి కన్నా లావు ముడి ఉండకూడదు. ఒరిగి పెరిగిన కొమ్మలో పైభాగం ఒకలా, కిందిభాగం ఒకలా బిగుసుకుని ఉంటాయి, చీల్చగానే బద్ద విల్లులా వంగిపోతుంది. నిలువుగా లేచిన కొమ్మ అయితే ఈ బాధ ఉండదు.

కొట్టిన రోజే రెండు కొసలకీ ఫెవికాల్ రెండు పూతలు వేయాలి. పాతకాలంలో మైనమో పేడో పూసేవారు. కర్రలో నీరు అడ్డంగా కన్నా కొసల్లోంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. కొస ముందే ఎండి ముడుచుకుంటే, లోపల ఇంకా పచ్చిగా ఉన్న కర్ర దానికి చోటివ్వదు, పగులు పుడుతుంది. ఆ పగులు అడుగు లోపలికి పాకిందంటే ఆరడుగుల కర్ర ఐదడుగులదైనట్టే. పూత ఆరాక, మొన పలచగా ఉండే ఇనుప చీల ఒకటి సన్నటి కొసన దింపి గూటంతో కొట్టాలి. పగులు సాగేకొద్దీ దానిలో రెండో చీల, ఆ తర్వాత మొదటిది తీసి ముందుకు. మధ్యలో నార పోగులు ఒకవైపు నుంచి ఇంకోవైపుకి వంతెనల్లా అంటుకుని ఉంటే చేత్తో లాగకూడదు, చిన్న గొడ్డలితో ఒక్కొక్కటే తెంపాలి. లాగితే మంచివైపు బద్ద కూడా చీలికలు లేస్తుంది.

దుంగను దుంగలాగే ఆరబెడితే అంగుళం మందానికి ఏడాది పడుతుందని వడ్రంగుల లెక్క. విల్లుకి అంత ఆగనక్కర్లేదు. పచ్చిగా ఉన్నప్పుడే బాడిసతో రెండంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందానికి చెక్కేసి, ఒక తిన్నని దూలానికి తాళ్లతో బిగించి పెడితే రెండు మూడు నెలల్లో ఆరుతుంది. అయితే బెరడు తీసిన ముఖానికీ ఆ రోజే లక్క పాలిషో ఫెవికాలో పూయాలి. బెరడుంచితే దాని కింద పురుగు చేరుతుంది, తీసి ఊరకే వదిలేస్తే పైన పగుళ్లు వస్తాయి. కట్టెల పొయ్యి ఉన్న రోజుల్లో వంటింటి అటక దీనికి చక్కటి చోటు. పొగకి పురుగు రాదు, వెచ్చదనం నిదానంగా నీటిని లాగేస్తుంది. గ్యాసు పొయ్యిలొచ్చాక ఆ సదుపాయం పోయింది. ఇప్పుడైతే నీడలో, గాలి ఆడే చోట, నేలకి తగలకుండా పెట్టుకోవాలి. నేలకి తగిలితే బెంగళూరులో చెదలు వదలవు.

ఆరిందో లేదో గోటితో గీసి చెప్పేవాళ్లు ఉండేవారు. అంత అనుభవం లేనివాళ్లకి వంటింటి త్రాసు చాలు. వారానికోసారి తూచి బద్ద మీదే పెన్సిలుతో రాసుకోవాలి. రెండు వారాలు వరసగా బరువు మారకపోతే గాలికీ కర్రకీ సరిపోయినట్టు. గాలిలో తేమ నూటికి 50 ఉంటే కర్రలో తేమ 9 శాతం దగ్గర ఆగుతుంది, 80 ఉంటే 16 దాకా పోతుంది. విల్లుకి కావాల్సింది 8 నుంచి 10. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ ఊళ్లో అది తనంత తానే వస్తుంది. ఆగస్టులో ఎంత మంచి కర్రైనా లాగినకొద్దీ వంగి అలాగే ఉండిపోతుంది. మరీ ఎండి 6 శాతానికి దిగితే బయటి ముఖం టప్పున తెగుతుంది. మే నెల గాలివానకి పడ్డ కర్ర తరువాతి ఫిబ్రవరికి విల్లయ్యేదంటే కారణం ఇదే. తొందరపడి జూలైలో చెక్కితే ఆ కర్ర చెడినట్టే.

ఇక బయటి ముఖం, అంటే గురివైపు ఉండేది. లాగినప్పుడు అది సాగుతుంది, మనవైపు ఉండే లోపలి ముఖం నలుగుతుంది. పని అంతా ఈ రెంటి మధ్యే. సాగే ముఖంలో నార కొస నుంచి కొసకి తెగకుండా ఉండాలి. చలిదేశాల కర్రల్లో ఏటి వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి, అక్కడివాళ్లు ఒకే వలయాన్ని పట్టుకుని చెక్కుతారు. మన చింతలోనూ జామలోనూ వలయాలు అంత తేటగా ఉండవు. కాబట్టి మనకు దారి ఒకటే: బెరడు కింద చెట్టు తానే ఇచ్చిన ముఖాన్ని ముట్టుకోకుండా ఉంచేయడం. పచ్చిగా ఉన్నప్పుడు మొద్దు కత్తితో, చెంచా కాడతో కూడా బెరడు ఊడుతుంది, కింద తెల్లగా నున్నగా తడిగా మెరుస్తుంది. దాని మీద ఉలి గాటు ఒక్కటీ పడకూడదు. ఎత్తుపల్లాలుంటే ఉండనివ్వాలి, ముడి దగ్గర ఉబ్బితే ఆ ఉబ్బును అలాగే వదలాలి. చదునుగా కనిపించాలని చిత్రిక పట్టినవాడి విల్లు ఆ చదునులోనే చీలిక లేస్తుంది.

కొలతలు రాసుకోండి. 26 నుంచి 28 అంగుళాలు లాగే మనిషికి విల్లు 66 అంగుళాలు. సరిగ్గా మధ్యలో నాలుగంగుళాల పిడి, అంగుళం వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం. పిడికి అటూ ఇటూ రెండేసి అంగుళాల్లో మందం వాలుగా దిగి రెక్కలో కలవాలి. అక్కడ హఠాత్తుగా దించితే మెట్టు పడ్డ చోటే విరుగుతుంది. రెక్క మొదట్లో వెడల్పు ఒకటిముప్పావు, మెత్తని కర్రకి రెండంగుళాలు. సగం దాకా అదే వెడల్పు ఉంచి, అక్కణ్ణుంచి కొసకి అర అంగుళానికి సన్నబరచాలి. కొసలు బరువుగా ఉంటే బాణం వేగం పోతుంది, చేతికి దెబ్బ తగులుతుంది. మందం మొదట ముప్పావు అంగుళం ఉంచి నిదానంగా దించాలి. కర్ర కొంచెం పక్కకి వంగి పెరిగితే గీత కూడా దాని వెంటే వంగాలి. దారం లాగి తిన్నగా గీసే అలవాటు కిటికీ చట్రానికి మంచిది. ఇక్కడ రెండు కొసలూ పిడి మధ్యా ఒకే వరసలో ఉంటే చాలు.

ఒక్క లెక్క తెలిస్తే సగం విళ్లు బతుకుతాయి. వెడల్పు సగం చేస్తే బిగువు సగమవుతుంది. మందం సగం చేస్తే ఎనిమిదో వంతుకి పడిపోతుంది. మందంలో పదోవంతు తీస్తే చాలు, బిగువులో నాలుగోవంతు పైగా పోతుంది. అంటే అర అంగుళం మందం దగ్గర ఉప్పుకాగితం ఎక్కువసేపు రుద్దినా విల్లు మారిపోతుంది. అందుకే బాడిస దశ దాటాక చిత్రిక, దాని తర్వాత ముతక ఆకురాయి, ఆఖరున గాజుపెంకు. కిటికీ అద్దం పగలగొట్టి, తాజా అంచుతో గీకితే ఉల్లిపొర లాంటి చుట్టలు లేస్తాయి. అంచు మొద్దుబారితే పొడి రాలుతుంది, అప్పుడు పెంకు మార్చాలి. చేతికి గుడ్డ చుట్టుకోండి.

వంపు సరిచూసే పని దగ్గర పెద్దవాళ్ల ఓపిక చూసి తీరాలి. ముందు ఒక కొసను నేలకి ఆనించి, పిడి మీద అరచేత్తో నొక్కి చూస్తారు. రెక్క పొడవునా నెమ్మదిగా వంగాలి, పిడి పక్కనే మడత పడకూడదు. ఆ తర్వాత కొసలకి పొడుగు తాడు కట్టి, గోడకి బిగించిన మేకుల మీద పిడి ఆనించి, కిందనున్న కప్పీ మీదుగా తాడు లాగి దూరంగా నిలబడి చూస్తారు. దూరంగా అంటే రెండు కారణాలు: విరిగితే ముక్క మొహానికి తగలదు, పైగా రెండు రెక్కల వంపు ఒకేసారి కంటికి ఆనుతుంది. వెనకాల తెల్లగోడ మీద బొగ్గుతో అడ్డగీతలు గీసి ఉండేవి, ఏ రెక్క ఎంత దిగిందో వాటితో తెలిసేది.

"తాతా, ఇంకో రెండంగుళాలు లాగొచ్చా?" అని పిల్లలు అడిగితే, "త్రాసు ముల్లు చూడు నాయనా, విల్లు చూడొద్దు" అనేవారు వడ్రంగి ఆచారులు. తాడుకి కొక్కెం త్రాసు తగిలించి ఉండేది. అనుకున్న బలం 18 కిలోలైతే, ఎన్ని అంగుళాలు లాగినా ముల్లు 18 దాటకూడదు. 15 అంగుళాలకే 18 చూపిస్తే అక్కడే ఆపి లోపలి ముఖం మీద కర్ర గీకి తీయాలి, మళ్లీ లాగితే 16 అంగుళాలకి 18 వస్తుంది. అలా అంగుళం అంగుళం. కావాల్సిన బలం దాటి ఒక్కసారి లాగినా లోపలి నార నలిగిపోతుంది, తర్వాత ఎంత జాగ్రత్తపడినా తిరిగిరాదు. కర్ర తీసిన ప్రతిసారీ కొద్దికొద్దిగా ఇరవై ముప్ఫైసార్లు లాగి వదలాలి, అప్పుడుగాని తీసిన ఫలితం బయటపడదు. అది చేయకుండా గీకుతూ పోయినవాడు అవసరం కన్నా ఎక్కువ తీసేస్తాడు.

బిగుసుకున్న చోటు పట్టడానికి ఆరంగుళాల చెక్కముక్క ఒకటి వాడేవారు. మధ్యలో చిల్లు, చిల్లులో పెన్సిలు. వంచి ఉంచిన విల్లు లోపలి ముఖం మీద, అన్నిటికన్నా ఎక్కువ వంగిన చోట ముక్క ఆనించి, పెన్సిలు మొన తగిలీ తగలనట్టు దింపి పెట్టాలి. తర్వాత రెక్క పొడవునా జరుపుతూ పోతే, వంగని చోటల్లా పెన్సిలు గీత పడుతుంది. గీత పడిన చోటే గీకాలి, పడని చోట చెయ్యి పెట్టకూడదు. కంటి మీద నమ్మకం లేనివాళ్లకి ఇంతకన్నా మంచి పనిముట్టు లేదు. పై రెక్క కింది రెక్క కన్నా కొద్దిగా మెత్తగా ఉండాలి. నారి ఎక్కించాక పిడి రెండు చివర్ల నుంచి నారి దాకా కొలిస్తే పైన అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ రావాలి. బాణం చేతికి పైన ఉంటుంది, వేళ్లు నారిని మధ్యకి పైనే పట్టుకుంటాయి, ఆ తేడాకిది సర్దుబాటు.

చెడిపోవడం మూడు నాలుగు రకాలు. బయటి ముఖం మీద సన్నని ఈనె లేస్తే నార తెగిందని అర్థం. చిన్నదైతే జిగురు నింపి, పట్టుదారంతో అంగుళం మేర దగ్గరగా చుట్టి ఆపొచ్చు. లోపలి ముఖం మీద అడ్డంగా వెంట్రుకల్లాంటి గీతలు పడితే అక్కడ కర్ర నలిగింది. ఆ చోటే ఎక్కువ వంగుతోందన్నమాట. దాని రెండు పక్కలా తీసి భారం పంచాలి, ఆ చోట మాత్రం ఇక పెంకు ఆనించకూడదు. నారి దించాక కూడా కొసలు మనవైపు వంగి ఉండటం ఇంకో రకం. అంగుళం వంపు పరవాలేదు, రెండంగుళాలు దాటితే కర్ర తడిగా ఉండగా లాగారనో, రెక్క సన్నమైందనో తెలుసుకోవాలి. రెక్క పక్కకి మెలితిరిగితే బిగువుగా ఉన్న అంచు తీయాలి, అంటే కొస ఏ వైపుకి పోతోందో దానికి ఎదురు అంచు. ఇది చాలామంది తారుమారు చేస్తారు. తీసిన అంచు మెత్తబడి కొసను తన వైపుకి రానిస్తుంది.

వంపు నిలబడిపోయిన విల్లుకి బొగ్గుల వైద్యం ఉండేది. లోపలి ముఖాన్ని నిప్పులకి నాలుగైదు అంగుళాల ఎత్తున పట్టి, కాఫీపొడి రంగు తిరిగేదాకా నిదానంగా కాచి, ఆ ముఖాన్ని గట్టిపరిచేవారు. బయటి ముఖానికి వేడి తగలకూడదు. కాచాక వారం పది రోజులు ముట్టుకోకూడదు, కాచినప్పుడు పోయిన తేమ గాలిలోంచి తిరిగి చేరాలి. మర్నాడే లాగితే విరిగిపోతుంది.

నారి గాళ్లు కొసకి ముప్పావు అంగుళం లోపల, గుండ్రని ఆకురాయితో పక్కల్లో, 45 డిగ్రీల వాలులో, లోతు అంగుళంలో ఎనిమిదో వంతు. బయటి ముఖాన్ని ఆకురాయి తాకకూడదు. నారి పొడవు రెండు గాళ్ల మధ్య దూరం కన్నా మూడంగుళాలు తక్కువ. ఎక్కించినప్పుడు పిడికీ నారికీ మధ్య ఆరంగుళాలు. ఇప్పుడు డాక్రాన్ అనే పాలిస్టర్ దారం 12 నుంచి 14 పోగులు పేనుకుంటే సరిపోతుంది. విల్లు బలానికి నాలుగు రెట్లు మోయగలగాలన్నది నియమం. పూర్వం జనుము నార, జిల్లేడు నార, చాగ నార. అర్థశాస్త్రంలో వింటి నారికి చెప్పిన వాటిలో జిల్లేడు, జనుము, వెదురు, జంతువుల నరం ఉన్నాయి. విళ్లకేమో తాటి, వెదురు, కర్ర, కొమ్ము. ఇవాళ అపార్టుమెంటు బాల్కనీల్లో కుండీలో పెంచుకునే స్నేక్ ప్లాంటు ఆ చాగ జాతిదే. ఆకుని బల్ల మీద పరిచి మొద్దు కత్తితో గీకితే జిగురంతా పోయి తెల్లటి పోగులు మిగులుతాయి. వాటిని కడిగి నీడలో ఆరబెట్టి, తొడ మీద పేనితే చిన్నపిల్లల విల్లుకి సరిపడే నారి వస్తుంది. మధ్య భారతపు అడవి పల్లెల్లో చాలాచోట్ల వెదురు పైపొర బద్దే నారి. వానకి మెత్తబడని నారి అది.

వెదురు విల్లు చేసుకునేవాళ్లు బెంగళూరు కంటోన్మెంటు దగ్గర బ్యాంబూ బజారుకి వెళ్లేవారు. కావాల్సింది లోపల దాదాపు గుల్ల లేని సాధనపు వెదురు, మూడేళ్లు నిండినది, చలికాలంలో కొట్టినది. అప్పుడు దానిలో పిండి తక్కువ, పురుగు తక్కువ. వెదురుకి బయటి పచ్చపొర తీయకూడదు, బలమంతా అక్కడే ఉంటుంది. కణుపుల దగ్గర లోపలి గోడను కాస్త మందంగా వదలాలి.

పూర్తయిన విల్లుకి అవిసె నూనె నాలుగైదు పూతలు, పూతకీ పూతకీ మధ్య రోజు ఆగి, పైన తేనెమైనం. ఈ పూత తేమని ఆపదు, ఆలస్యం చేస్తుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా విల్లు ఒకటి రెండు కిలోలు మెత్తబడుతుంది. ఆ నెలల్లో లాగిపట్టి ఎక్కువసేపు గురిచూడకుండా తొందరగా వదలాలి, అయిపోగానే నారి దించేయాలి. గోడకి ఆనించి నిలబెట్టకూడదు, రెండు మేకుల మీద అడ్డంగా పడుకోబెట్టాలి. ఎండలో ఆపిన కారులో పెట్టి మర్చిపోవద్దు. బాణం లేకుండా నారి లాగి వదలొద్దు. బాణం మోసుకుపోవాల్సిన బలమంతా రెక్కలే భరించాలి, అలా ఒక్కసారి వదిలినందుకే విరిగిన విళ్లున్నాయి. తడస బద్ద దొరికినవాళ్లు మిగతా సగాన్ని కూడా పారేయకండి, కొసలకి పూత వేసి అటక మీద పెట్టండి. వచ్చే ఫిబ్రవరికి అది ఇంకా బాగా ఆరి ఉంటుంది.